ముక్కు ఆపలేని దుమ్ము

బొగ్గు, గ్రానైటు, పత్తి, తంబాకు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో బతుకుతెరువు ఏదైనా దుమ్ము తప్పదు. ముక్కు దగ్గర మొదలయ్యే ఆ దుమ్ము ప్రయాణం ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ ఆగకుండా పోతుంది?

ఆసిఫాబాద్‌కు దక్షిణాన మలేరి దగ్గరి ఎర్రమట్టి పొరల్లో ఒకప్పుడు భూగర్భ శాస్త్రవేత్తలకు చేపపళ్లు దొరికాయి. రాయిగా మారిన పళ్లు. సెరటోడస్ అనే జాతివి. వాటి మీద ఎల్.సి. మియాల్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త 1878లో ఒక గ్రంథమే వెలువరించాడు. అంత పట్టింపు ఎందుకంటే, అది ఊపిరితిత్తుల చేపల వంశానిది. ఆ వంశంలో మిగిలినవాటిలో కొన్ని ఇప్పటికీ ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నదుల్లో ఉన్నాయి. నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు మూతి పైకి పెట్టి గాలి మింగి బతుకుతాయి. మలేరి పళ్ల వయసు 20 కోట్ల ఏళ్ల పైమాటే. డైనోసార్లు అప్పుడప్పుడే నేల మీద అడుగుపెడుతున్న కాలం.

గాలి పీల్చడమనే పని ఈ ప్రాణహిత, గోదావరి లోయలో అంత పాతది. ఆ పొరలకన్నా ఇంకా లోతున, ఇంకా పాతకాలపు అడవులు బొగ్గయి పడుకున్నాయి. ఆ బొగ్గు కోసమే బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరిఖని పుట్టాయి. గనుల్లోకి దిగినవాళ్లు బొగ్గుతో పాటు దాని దుమ్మునూ పైకి తెచ్చారు, ఛాతీల్లో పెట్టుకుని. పదో తరగతి జీవశాస్త్రంలో నాసికా కుహరం, గ్రసని, స్వరపేటిక, వాయునాళం, శ్వాసనాళాలు, వాయుగోణులు అని వరసగా బట్టీపట్టిన అవయవాలు ఏం చేస్తాయో తెలియాలంటే ఈ దుమ్ము వెంటే నడవాలి. బొమ్మ గీసి బాణం గుర్తులు పెడితే వచ్చే మార్కులు వేరు, ఇది వేరు.

ముక్కు పని

విశ్రాంతిగా కూర్చున్న మనిషి నిమిషానికి 12 నుంచి 18 సార్లు ఊపిరి తీస్తాడు. ఒక్కోసారి లోపలికి పోయేది అర లీటరు. రోజు మొత్తానికి లెక్కేస్తే పది వేల లీటర్ల దరిదాపు. ఆదిలాబాద్ ఏజెన్సీలో డిసెంబరు రాత్రి చలి అయిదారు డిగ్రీలకు దిగుతుంది. రామగుండంలో మే నెల మధ్యాహ్నం ఎండ 45 దాటుతుంది. ఈ రెండు గాలులనూ గొంతు దాటేసరికి ముక్కు దాదాపు ఒళ్లు వేడికి తెచ్చి, తడిపి పంపుతుంది. ముక్కు లోపలి గోడల మీద మూడేసి వంపులుంటాయి. వాటి కింద రక్తనాళాలు దట్టంగా ఉంటాయి. వేడి ఇచ్చేవి అవే, చెమ్మ ఇచ్చేవీ అవే. నోటితో పీలిస్తే ఈ సౌకర్యం సగానికి సగం పోతుంది. బొగ్గెత్తే తట్టా చెమ్మసు పట్టి బరువు పని చేసేవాడు నోరు తెరిచి పీల్చక తప్పదు. కష్టం పెరిగేకొద్దీ కాపలా తగ్గుతుందన్నమాట.

ఇక దుమ్ము సంగతి. పది మైక్రాన్లు దాటిన రేణువులను ముక్కు వెంట్రుకలు, ఆ వంపుల మీది జిగురు పట్టేస్తాయి. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. షిఫ్టు దిగివచ్చిన కార్మికుడు చీదితే నల్లగా వచ్చేది ఈ బాపతే. చూడడానికి భయంగా ఉంటుంది కానీ, అది ముక్కు గెలిచిన దుమ్ము. అయిదు మైక్రాన్లలోపు రేణువు కంటికి ఆనదు, ముక్కుకు చిక్కదు. మెడలో రుమాలు తీసి ముఖానికి చుట్టుకుంటే ఆగేది కూడా ముందు చెప్పిన పెద్ద దుమ్మే. కనిపించేదాన్ని ఆపుకుని, చంపేదాన్ని లోపలికి పంపించుకుంటున్నాం.

బెల్లం ఏ దారిన పోతుంది?

గొంతు దగ్గర రెండు దారులు కలిసి మళ్లీ చీలతాయి. వెనక అన్నవాహిక, ముందు వాయునాళం. మింగేటప్పుడు ఉపజిహ్విక అనే చిన్న మూత వాయునాళం మీద వాలుతుంది. ఈ పని కొండనాలుక చేస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు, కొండనాలుక పైనుంచి వేలాడేది, మూత కిందనుంచి లేచేది. ఈ మూత క్షణం ఆలస్యమైతే పొలమారుతుంది. ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తట్టి ఊరుకుంటాం.

దుమ్ములో పనిచేసేవాళ్లకు మన దగ్గర ఒక గట్టి నమ్మకం ఉంది. పని దిగాక ఇంత బెల్లం తింటే ఛాతీలోని దుమ్మంతా కడుక్కుపోతుందని. కొందరు కల్లుకూ ఇదే గుణం అంటగడతారు, దానికి వేరే కారణాలుండొచ్చు. బెల్లం గొంతు గరగర తగ్గించవచ్చు, ఉమ్మి ఊరించి తెమడను సులువుగా దింపవచ్చు. అంతకుమించి చెయ్యలేదు. ఉపజిహ్విక తన పని తాను చేసినంతకాలం మింగిన ముద్ద ఊపిరితిత్తుల గడప తొక్కదు. పనిచోట్ల నీళ్లు చల్లే బదులు బెల్లం పంచిపెట్టి చేతులు దులుపుకునే యాజమాన్యాలు ఈ శరీర నిర్మాణం తెలిసి అలా చేస్తాయో తెలియక చేస్తాయో గానీ, చవక మాత్రం చవకే.

మూత దాటగానే స్వరపేటిక. అందులోని రెండు తంత్రుల మధ్యనుంచి ఊపిరి బయటికి వస్తూ మాటవుతుంది, ఒగ్గుకథకుడి గొంతులో రాత్రంతా కథవుతుంది. దాని కింద వాయునాళం. పది పన్నెండు సెంటీమీటర్ల పొడవు. చుట్టూ 16 నుంచి 20 మృదులాస్థి ఉంగరాలు. వెనకవైపు తెరిచి ఉండే అర్ధ ఉంగరాలివి, అన్నం ముద్ద దిగేటప్పుడు వెనకున్న అన్నవాహిక ఉబ్బడానికి చోటు ఇవ్వడం కోసం. వాయునాళం ఛాతీలో రెండుగా చీలుతుంది. కుడి కొమ్మ కాస్త వెడల్పు, కాస్త నిటారు. పిల్లలు మింగబోయిన పల్లీగింజ ఎక్కువగా కుడివైపే ఇరుక్కోవడానికి కారణం అదే. కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు. గుండెకు చోటిచ్చినందుకు ఎడమదానికి రెండే.

ఈ గొట్టాల లోపలి గోడలంతా జిగురుతో తడిగా ఉంటాయి. ఆ జిగురు కింద కోట్ల సంఖ్యలో సన్నని శైలికలు సెకనుకు పది పదిహేను సార్లు కొట్టుకుంటూ ఉంటాయి, ఎప్పుడూ పైవైపుకే. ముక్కు వదిలేసిన మధ్యరకం దుమ్ము ఆ జిగురుకు అంటుకుంటే మెల్లగా గొంతు దాకా ఎక్కుతుంది. ఉమ్మేస్తాం, లేదా తెలియకుండానే మింగేస్తాం. నిద్రలో కూడా ఆగని పని ఇది.

దీన్ని ఆపగలిగేది బీడీ పొగ. పొగ తగిలితే శైలికలు మందగిస్తాయి, ఏళ్లు గడిస్తే రాలిపోతాయి. అప్పుడు జిగురు ఎక్కడిదక్కడే పేరుకుంటుంది, దాన్ని తోయడానికి మిగిలేది దగ్గు ఒక్కటే. పొద్దున లేవగానే గంటసేపు దగ్గే మనిషి తన శైలికల పని చేతులతో చేసుకుంటున్నట్టే లెక్క. బీడీకి ఫిల్టరు ఉండదు. ఆకు చుట్ట కనుక గట్టిగా, మాటిమాటికీ లాగకపోతే ఆరిపోతుంది. దమ్ము లోతుగా లాగడం అలవాటు చేసేదే బీడీ. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఆడవాళ్లు చాటలో తంబాకు, తునికాకు పెట్టుకుని బీడీలు చుట్టి ఇల్లు నడుపుతున్నారు. తాగకుండానే తంబాకు దుమ్ము పీల్చే బతుకు వాళ్లది. తాగొద్దని చెప్పడం సులువు. చుట్టొద్దని చెప్పాలంటే మరో కూలి చూపించాలి, అది ఇంతవరకు ఎవరూ గట్టిగా చూపించలేదు.

బాయికీ ఒక ఛాతీ

భూగర్భ గనిని మనవాళ్లు బాయి అంటారు. బాయి ఊపిరి తీసుకునే తీరు చూస్తే మన ఊపిరి తీరు సులువుగా అర్థమవుతుంది. గని నోటి దగ్గర గాలిని లోపలికి నెట్టే యంత్రం ఉంటుందని బయటివాళ్లు అనుకుంటారు. సాధారణంగా జరిగేది తలకిందులు. ఉపరితలం మీద ఫ్యాన్ హౌసులో పెద్ద ఫ్యాను లోపలి గాలిని బయటికి లాగేస్తుంది. లోపల పీడనం తగ్గుతుంది. ఆ ఖాళీలోకి ఇన్‌టేక్ దారి గుండా తాజా గాలి తనంతట తానే దిగుతుంది. పని జరిగే చోట్ల తిరిగి, వాడిన గాలి రిటర్న్ దారిన బయటపడుతుంది. రెండు దారులూ కలవకుండా మధ్యలో గోడలు, తలుపులు, పరదాలు.

మన ఛాతీదీ ఇదే పద్ధతి. ఊపిరితిత్తులకు సొంత కండరం లేదు. ఛాతీకీ పొట్టకూ నడుమ ఉన్న ఉదరవితానం కిందికి దిగుతుంది, పక్కటెముకలు పైకి, బయటికి కదులుతాయి. లోపలి పీడనం బయటి గాలికన్నా రవ్వంత తగ్గుతుంది, గాలి దిగుతుంది. మామూలు ఊపిరి వదలడానికి కష్టమే అక్కర్లేదు, ఊపిరితిత్తి తన సాగుడు గుణంతో ముడుచుకుంటుంది. దుమ్ముకు మచ్చలు పడి గట్టిపడిన ఊపిరితిత్తికి ఆ సాగుడు పోతుంది. కూర్చున్నా కండరాలతో లాగాల్సి వస్తుంది. ఉమ్మడి జిల్లాల ఆస్పత్రుల వరండాల్లో మెడ నరాలు తేలి, భుజాలు ఎగరేస్తూ ఊపిరి తీసే ముసలివాళ్లు కనిపించేది అందుకే.

ఒక తేడా ఉంది. బాయిలో గాలికి పోయే దారి ఒకటి, వచ్చే దారి మరొకటి. మనకు ఒక్కటే గొట్టం. పీల్చిన ప్రతి అర లీటరులో 150 మిల్లీలీటర్లు గొట్టాల్లోనే ఆగి, ఏ పనీ చేయకుండా తిరిగివస్తుంది. ఎంత గట్టిగా వదిలినా లీటరుకు పైగా గాలి లోపలే మిగులుతుంది.

గనిలో గాలి ఎంత ఉండాలో బొగ్గుగనుల నిబంధనలు చెబుతాయి. షిఫ్టులో ఉన్న ఒక్కో మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్లు, లేదా రోజూ తీసే ఒక్కో టన్ను బొగ్గుకు రెండున్నర ఘనపు మీటర్లు, ఏది ఎక్కువైతే అది. ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదు. కార్బన్ డయాక్సైడ్ అర శాతం మించకూడదు. ఆరు ఘనపు మీటర్లంటే ఆరు వేల లీటర్లు. కూర్చున్న మనిషికి నిమిషానికి కావలసింది ఆరు లీటర్లే, చెమటోడ్చేవాడికి అరవై డెబ్బై. మరి వెయ్యి రెట్లు ఎందుకు? ఆ గాలి పీల్చడానికొక్కటే కాదు. మీథేన్‌ను పలచబరచాలి, వేడిని మోసుకుపోవాలి, దుమ్మును తరిమెయ్యాలి. గాలి తక్కువైన మూల ఒక్కటి ఉన్నా ఈ లెక్కంతా కాగితం మీదే మిగులుతుంది.

84 గజాల తడి పొర

శ్వాసనాళాలు చీలుతూ చీలుతూ ఇరవై మూడు తరాలు దిగాక వాయుగోణులు వస్తాయి. ఒక మనిషిలో ముప్పై నుంచి యాభై కోట్లు. అన్నింటినీ విప్పి పరిస్తే దాదాపు 70 చదరపు మీటర్లు, మన ప్లాట్ల లెక్కలో 84 గజాలు. గాలికీ రక్తానికీ మధ్య ఉండే గోడ మందం పలచనిచోట మైక్రానులో సగం కూడా ఉండదు. ఆక్సిజన్ ఇటునుంచి అటు, కార్బన్ డయాక్సైడ్ అటునుంచి ఇటు. పీల్చే గాలిలో 21 శాతం ఉన్న ఆక్సిజన్ వదిలేసరికి 16 శాతమవుతుంది. రక్తం ఒక వాయుగోణిని తాకి ఉండేది ముప్పావు సెకను. ఆరోగ్యంగా ఉంటే అందులో మూడో వంతులోనే ఆక్సిజన్ నిండిపోతుంది. మిగిలినదంతా నిల్వ సమయం.

ఈ నిల్వే మనల్ని మోసం చేసేది. గోడ మందమవుతున్నా కూర్చున్నప్పుడు లోటు తెలియదు. పరుగెత్తినప్పుడు, మెట్లెక్కినప్పుడు రక్తం వేగం పెరిగి ఆ సమయం తగ్గుతుంది, అప్పుడు బయటపడుతుంది. ‘మెట్లెక్కితేనే దమ్ము వస్తంది సార్, మిగతా అంత మంచిగనే ఉన్న’ అని చెప్పే మనిషిలో జబ్బు మొదలై అప్పటికే చాలాకాలమై ఉంటుంది.

బొగ్గు కూడా ఊపిరి పీలుస్తుందంటే నమ్మండి. కోసిన బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌ను నెమ్మదిగా పట్టుకుని వేడెక్కుతుంది. పట్టించుకోకపోతే తనంతట తానే అంటుకుంటుంది. సింగరేణి గనులకు ఈ బెడద కొత్తది కాదు. అలా కాలేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, ఆయాసం కూడా రాదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. 84 గజాలూ తెరిచే ఉంటాయి, గాలీ వస్తుంది, రక్తం మాత్రం ఖాళీగా పోతుంది. కార్మికుడి నడుముకు వేలాడే సెల్ఫ్ రెస్క్యూయర్ డబ్బా ఆ నిమిషాల కోసమే.

గని ప్రమాదాల్లో ఈ విషవాయువు గుట్టు విప్పినవాడు స్కాట్లండుకు చెందిన జాన్ స్కాట్ హాల్డేన్. గని పేలుళ్లలో చాలామంది చనిపోయేది దెబ్బలతో కాదు, తర్వాత వ్యాపించే కార్బన్ మోనాక్సైడ్‌తో అని 1896లో నివేదిక ఇచ్చాడు. గనిలోకి చిన్న పిట్టను తీసుకుపోతే మనిషికన్నా ముందు అది పడిపోయి హెచ్చరిస్తుందని చెప్పింది ఆయనే. ఊపిరి వేగాన్ని ముఖ్యంగా నడిపేది రక్తంలోని కార్బన్ డయాక్సైడేనని 1905లో తోటి పరిశోధకుడు ప్రీస్ట్‌లీతో కలిసి తేల్చాడు. కొడుకును చిన్నప్పుడే గనిలోకి తీసుకుపోయి, మీథేన్ చేరిన చోట నిలబెట్టి షేక్‌స్పియర్ నాటకంలోని మార్క్ ఆంటోనీ ప్రసంగం అప్పజెప్పమన్నాడట. పిల్లవాడు కాసేపటికి రొప్పి కూలబడ్డాడు. నేల దగ్గర ఊపిరి ఆడింది. మీథేన్ తేలిక కనుక కప్పు దగ్గర చేరుతుందని అలా నేర్చుకున్నాడు. ఆ కొడుకే తర్వాత పేరున్న జన్యుశాస్త్రవేత్త అయిన జె.బి.ఎస్. హాల్డేన్. 1957లో మన దేశానికి వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో పోయాడు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చాడు. పోయాక కూడా తెలుగు విద్యార్థులకు పాఠం చెప్పిన మనిషి.

పలుగురాయి దుమ్ము

వాయుగోణుల్లో శైలికలు లేవు. అక్కడి దాకా దిగిన దుమ్మును పట్టేందుకు ఉన్నవి భక్షక కణాలే. రేణువును మింగి, మోసుకుపోయి, పై గొట్టాల్లోనో శోషరస గ్రంథుల్లోనో దింపుతాయి. బొగ్గు రేణువును చాలావరకు ఇవి భరిస్తాయి. ఏళ్ల తరబడి మోతాదు మించితే నల్ల మచ్చలు పడతాయి, కొందరిలో అవి కలిసి పెద్ద గడ్డలవుతాయి. స్ఫటిక సిలికా, అంటే మన పలుగురాయి పదార్థం, వేరే రకం. దాన్ని మింగిన భక్షక కణం చచ్చిపోతుంది. చస్తూ లోపలి రసాయనాలను, రేణువును కలిపి కక్కుతుంది. ఇంకో కణం వచ్చి అదే రేణువును మింగుతుంది, అదీ చస్తుంది. ఆ చోట పీచులాంటి మచ్చ పెరుగుతుంది. దుమ్ములో పని మానేసినా లోపల ఈ తంతు ఆగదు. సిలికోసిస్ ఇదే. మచ్చను కరిగించే మందు ఇప్పటికీ లేదు.

బాయిలోనూ సిలికా ఉంది. కప్పుకు బోల్టులు వేయడానికి ఇసుకరాయిలో రంధ్రాలు తొలిచేచోట ఆ ముప్పు బొగ్గు కోసేచోటికన్నా ఎక్కువ. అయినా ఉత్తర తెలంగాణలో సిలికా పేరు చెబితే ముందు తలచుకోవలసింది కరీంనగర్ గ్రానైటును. టాన్ బ్రౌన్, మేపుల్ రెడ్ పేర్లతో ప్రపంచమంతా పరుచుకున్న రాయి గంగాధర, కొత్తపల్లి, మానకొండూర్ వైపు గుట్టలది. పాలిషింగ్ మిషన్ల మీద నీళ్లు ధారగా పడతాయి కనుక దుమ్ము కొంత అణుగుతుంది. క్వారీలో పొడి డ్రిల్లింగు చేసేచోట, ఉలితో అంచులు చెక్కేచోట ఆ రక్షణ ఉండదు. రంధ్రంలోకి నీళ్లు పంపుతూ తొలిస్తే దుమ్ము చాలావరకు పుట్టినచోటే బురదవుతుంది. దీనికి కొత్త శాస్త్రం అక్కర్లేదు, ఒక పైపు, ఒక పంపు చాలు. పెట్టకపోవడానికి నాకైతే ఒక్క సాకూ కనిపించదు.

సిలికోసిస్ ఎక్స్‌రే టీబీ ఎక్స్‌రేను పోలి ఉంటుంది. పైగా సిలికా దెబ్బతీసిన ఊపిరితిత్తికి టీబీ సులువుగా అంటుతుంది. దగ్గు, జ్వరం, చిక్కిపోవడం చూసి టీబీ మందులిస్తారు. తగ్గదు. మళ్లీ ఇస్తారు. అడ్డాకూలీకి, ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చిన క్వారీ కార్మికుడికి అసలు జబ్బు పేరు కాగితం మీదికి ఎక్కదు. పేరు ఎక్కకపోతే పరిహారం లేదు.

పత్తిది మరో కథ. జిన్నింగు, స్పిన్నింగు మిల్లుల్లో ఎగిరే పత్తి దుమ్ములో సూక్ష్మజీవుల విషపదార్థాలుంటాయి. వాటికి శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. వారాంతపు సెలవు తర్వాత పనిలోకి దిగిన మొదటి రోజు ఛాతీ పట్టేసి, వారం గడిచేకొద్దీ సర్దుకోవడం బిస్సినోసిస్ గుర్తు. తొలిదశలో పట్టుకుంటే తగ్గుతుంది. వంటింటి పొగ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాక గ్యాసు బండ ఇల్లు చేరింది, రెండో సిలిండరుకు డబ్బు లేనిచోట కట్టెల పొయ్యి మాత్రం చల్లారలేదు.

మస్టర్ లేని ఊపిరి

భూగర్భ కార్మికుడికి చట్టం ఒక మేలు చేసింది. అయిదేళ్లకోసారైనా వైద్యపరీక్ష, ఎక్స్‌రే. దాని ఫలితం మీద ఎన్ని గొడవలున్నా, అన్‌ఫిట్ కాగితం చుట్టూ ఎన్ని పైరవీలు నడిచినా, అతని ఛాతీ గురించి ఎక్కడో ఒక ఫైలు ఉంది. కానీ ఇప్పుడు సింగరేణి బొగ్గులో అత్యధిక భాగం పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనుల నుంచి వస్తోంది. బ్లాస్టింగు చేసినప్పుడు లేచే దుమ్ము, డంపర్లు తిరిగే రోడ్ల దుమ్ము గేటు దగ్గర ఆగదు. రామగుండం, మందమర్రి, శ్రీరాంపూర్, ఖైరిగూడ గనుల చుట్టుపక్కల ఊళ్లలో ముసలివాళ్లు, అంగన్‌వాడీ పిల్లలు అదే గాలి పీలుస్తారు. 2600 మెగావాట్ల రామగుండం ఎన్టీపీసీ బూడిదా వేసవి గాలికి లేస్తుంది. వీళ్లెవరికీ మస్టర్, అంటే కంపెనీ హాజరు పట్టీలో పేరు, లేదు, అయిదేళ్ల పరీక్ష లేదు. దుమ్ము బాయి దాటింది, పరీక్ష బాయి దగ్గరే ఆగింది. ఆ ఊళ్లలో ఏటా ఒకసారి ఊపిరి ఊది చూసే స్పైరోమెట్రీ పరీక్ష పెట్టడం కంపెనీలకు గానీ ప్రభుత్వానికి గానీ భారం కాదు. ఆదిలాబాద్‌లో రిమ్స్ ఉంది. 2022 నుంచి మంచిర్యాల, రామగుండం, జగిత్యాలల్లో వైద్య కళాశాలలూ నడుస్తున్నాయి. డాక్టర్ల కొరత అనే పాత జవాబు ఇక చెల్లదు.

ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లో వృత్తిరోగాల మీద పుస్తకం రాస్తూ, రోగిని అడిగే ప్రశ్నలకు ఇంకొకటి చేర్చమన్నాడు: ఏం పని చేస్తావు? మన ఓపీ చీటీలో పేరు, వయసు, ఊరు ఉంటాయి. పని ఉండదు. కాబట్టి దగ్గుతోనో దమ్ముతోనో ఆస్పత్రికి పోయినప్పుడు డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. ఏ బాయిలో, ఏ క్వారీలో, ఏ మిల్లులో, ఎన్నేళ్లు పనిచేశారో చీటీ మీద రాయించండి. పాత ఎక్స్‌రేలు పారేయకండి, రేపు పరిహారం అడగాలంటే అవే సాక్ష్యం.